ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: గడ్డ సరే, ఆ వణుకు సంగతేమిటి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, రైతుని. మూడేళ్ల కిందట మా అక్క కిడ్నీ ఇస్తే మార్పిడి చేశారు. టాక్రోలిమస్, మైకోఫెనలేట్, ప్రెడ్నిసోలోన్ వాడుతున్నాను. నాలుగు నెలలుగా కుడి చీలమండ దగ్గర నిమ్మకాయంత గడ్డ ఉంది, నొప్పి లేదు. మా ఊరి ఆర్‌ఎంపీ ఫంగస్ అంటే షాపులో అడిగి ఫ్లూకోనజోల్ వేసుకుంటున్నాను. ఇంటర్నెట్‌లో బ్లాక్ ఫంగస్ ఫొటోలు చూసిన భయానికి చేతులు వణికి టీ గ్లాసు కూడా నిలవడం లేదు. టాక్రోలిమస్ కొన్నాళ్లు ఆపమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఇవాళే మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు ఫోన్ చేసి ఫ్లూకోనజోల్ సంగతి దాచకుండా చెప్పండి. మీ బెంగ గడ్డ మీద, నా బెంగ ఆ వణుకు మీద. అది భయంవల్ల కాకపోవచ్చు. టాక్రోలిమస్‌ను విచ్ఛిన్నం చేసే లివర్ ఎంజైమును ఫ్లూకోనజోల్ అడ్డుకుంటుంది. డోసు అదే అయినా రక్తంలో మందు పేరుకుపోతుంది. ముందు చేతులు వణుకుతాయి, తర్వాత కిడ్నీయే దెబ్బతింటుంది. పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇచ్చి టాక్రోలిమస్ లెవెల్, క్రియాటినిన్ చూపించుకోండి.

మీకు కిడ్నీ మార్చారని ఆ షాపులో చెప్పారా? చెప్పి ఉండరు. మీలాంటివాళ్లు ఒళ్లునొప్పులకు బ్రూఫెన్, దగ్గుకు క్లారిత్రోమైసిన్ కూడా సొంతంగా వేసుకోకూడదు. మీ అక్క ఒళ్లు కోయించుకుని ఇచ్చిన కిడ్నీ అండీ! ఎవరో చేతికిచ్చిన స్ట్రిప్పుతో దాన్ని పోగొట్టుకుంటారా?

ఇక ఆ ఫొటోలు చూడ్డం మానండి. 2021లో కోవిడ్ రెండో దశలో హడలెత్తించిన మ్యూకర్‌మైకోసిస్ ఎక్కువగా ముక్కులో మొదలై, రోజుల్లోనే చెంపకూ కంటికీ పాకేది. నెలల తరబడి నొప్పి లేకుండా కాలి మీద ఉన్న గడ్డ తీరు వేరు. మట్టిలో, ఎండుకట్టెల్లో నల్ల బూజులు ఉంటాయి. ఎప్పుడో గుచ్చుకుని మీరే మరిచిపోయిన ముల్లు చాలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు చర్మం కింద గడ్డ కట్టడానికి. దాన్ని ఫియోహైఫోమైకోసిస్ అంటాం. మీది అదేనని ఉత్తరం చదివి చెప్పలేను, ముక్క తీసి పరీక్షించాల్సిందే. ఆ ముక్కలో కొంత సెలైన్‌లో వేసి కల్చర్‌కు పంపమని సర్జన్‌ను అడగండి. అంతా ఫార్మలిన్‌లో వేస్తే ఫంగస్ చచ్చిపోతుంది, ఏ రకమో తేలదు. అదే అయితే గడ్డను పూర్తిగా తీసేసి, ఇట్రాకనజోల్ లాంటి మందు నెలల తరబడి ఇస్తారు. అదీ టాక్రోలిమస్‌ను పెంచేదే, అందుకే డోసు తగ్గించి, లెవెల్ చూసుకుంటూ ఇస్తారు. నయమయ్యే జబ్బే, ధైర్యంగా ఉండండి. ఇంకా ఆలస్యం మాత్రం చేయకండి. బూట్లు లేకుండా పొలంలో దిగొద్దు.

ప్రశ్న: కిడ్నీ మార్పిడి అయినవాళ్లు పంపరపనస తినవచ్చా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. అదీ టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచగలదు.

ప్రశ్న: మా నాన్నగారికి ఆరు నెలల కిందట కిడ్నీ మార్చారు. బాల్కనీలో పావురాల రెట్టలు ఆయనే ఊడుస్తానంటారు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చీపురు లాక్కోండి. రెట్టల దుమ్ములో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల నుంచి మెదడు పొరలకు చేరగలదు. వేరేవాళ్లు మాస్కు కట్టుకుని, తడిపి కడగాలి. ఆయనకు తగ్గని తలనొప్పి వస్తే, జ్వరం లేకపోయినా, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.