ఇంటి వడ్లు – ఊరి మర

వడ్లను ఎవరూ అలాగే వండుకొని తినరు. మర ఆడించి, ఊక వేరుచేసి, రాళ్లు ఏరిన తరువాతనే అవి అన్నానికి పనికివస్తాయి. కంప్యూటర్ ప్రోగ్రాముల సంగతీ ఇంతే. మానవుడు వ్రాసిన మూలసంకేతాన్ని యంత్రం నేరుగా గ్రహించలేదు. దానిని యంత్రభాషలోనికి మార్చడాన్నే కంపైల్ చేయడం అంటారు. ఆ పని చేసే సాధనం కంపైలర్.

గణాంకశాస్త్రంలో విరివిగా వాడే ‘ఆర్’ భాష ఇందుకు చక్కని ఉదాహరణ. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీనిని రూపొందించి, 1995లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా లోకానికి అందించారు. అనగా దీనిని ఎవరైనా వాడవచ్చు, లోపలి సంకేతాన్ని చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. ఈ భాషకు కొత్త శక్తులను చేర్చే అనుబంధాలను ప్యాకేజీలు అంటారు. వాటిని భద్రపరచే ‘క్రాన్’ అనే భాండాగారం 1997లో ఆస్ట్రియాలోని వియన్నాలో ప్రారంభమైంది. నేడు అందులో 20,000కు పైగా ప్యాకేజీలు ఉన్నాయి.

ఒక విద్యార్థి వరి దిగుబడుల లెక్కలకు ప్యాకేజీ తయారుచేశాడనుకోవచ్చు. వేగం కోసం అందులో కొంత భాగాన్ని సి భాషలో వ్రాశాడు. అతని లినక్స్ కంప్యూటర్‌లో అది చక్కగా పనిచేసింది. విండోస్ వాడే మిత్రునికి పంపగా అక్కడ ఆగిపోయింది. కారణం, విండోస్‌తోపాటు కంపైలర్ రాదు. వడ్లు చేరాయి కాని, ఆ ఇంట మర లేదు.

ఈ కొరతను తీర్చే మార్గాలు రెండు. మొదటిది ‘ఆర్‌టూల్స్’ అనే ఉచిత సాధనాల సముదాయం. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో తొలిసారి విడుదల చేసిన జీసీసీ కంపైలర్ యొక్క నేటి రూపం ఇందులో ఉంటుంది. దీనిని స్థాపించుకొంటే విండోస్‌లోనే ప్యాకేజీని కంపైల్ చేయవచ్చు.

రెండవది జర్మనీలోని డార్ట్‌మండ్ నుండి నడిచే ‘విన్-బిల్డర్’ సేవ. ఇది ఊరుమ్మడి మర వంటిది. మూలప్యాకేజీని పంపితే, అక్కడి యంత్రం మనుష్యుల ప్రమేయం లేకుండానే దానిని పరీక్షించి, విండోస్‌కు తగినట్లు నిర్మించి, ఫలితం దొరికే చోటును ఈ-మెయిలులో తెలుపుతుంది. రుసుము లేదు.

ఈ పరీక్ష బియ్యంలో రాళ్లు ఏరడం వంటిది. రచయిత తన కంప్యూటర్‌లోని ఫోల్డరు చిరునామాను ప్రోగ్రాములో వ్రాసి ఉంచితే, అది మరొక యంత్రంలో దొరకదు. పెద్దబడి, చిన్నబడి అక్షరాలలో మాత్రమే తేడా గల రెండు ఫైళ్లు లినక్స్‌లో వేర్వేరు. విండోస్‌లో సాధారణంగా ఒకటే. ఇట్టి దోషాలు సొంత యంత్రంలో కంటికి కనబడవు. పరాయి యంత్రం వాటిని తీవ్రతను బట్టి ఎర్రర్, వార్నింగ్, నోట్ అని మూడు తరగతులుగా చూపుతుంది.

తన ఇంట పనిచేసినంత మాత్రాన ప్రోగ్రాము పూర్తయినట్లు కాదు. ముక్కూ ముఖమూ తెలియని వాని ఇంట పనిచేసిననాడే అది పూర్తవుతుంది. ఖరీదైన పరికరాలు లేని విద్యార్థికి సైతం ఆ అవకాశాన్ని కల్పించడమే స్వేచ్ఛా సాధనాల గొప్పతనం.

కఠిన పదాలకు అర్థాలు
భాండాగారం = నిలువ ఉంచు చోటు
ప్రమేయం = జోక్యం
రుసుము = సేవకు చెల్లించే సొమ్ము

ప్రశ్నలు
1. మిత్రుని కంప్యూటర్‌లో ప్యాకేజీ ఎందుకు ఆగిపోయింది?
2. విన్-బిల్డర్‌ను ఊరుమ్మడి మరతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.