సంతాన సాఫల్య కేంద్రమున సంతకమునకు ముందు

ప్రశ్న: మాకు వివాహమై రెండేండ్లు దాటినది; సంతానము కలుగలేదు. అత్తవారు నన్నొక్కతెనే సంతాన సాఫల్య కేంద్రమునకు పోయి పరీక్షలు చేయించుకొమ్మనుచున్నారు. అచ్చట నేమేమి పరీక్షింతురు? చట్టము మాకేమైన రక్షణ నిచ్చుచున్నదా?

సమాధానము: అమ్మా, మీరొక్కరే పోయి ప్రయోజనము లేదు. సంతానలేమికి కారణము దాదాపు సగము దంపతులలో పురుషుని పక్షమునను కనబడుచుండగా, భర్తను పరీక్షింపక భార్యను మాత్రమే సూదులకును స్కానింగులకును గుఱిచేయుట కాలమును ధనమును వృథాపుచ్చుటయే గాక అన్యాయము గూడ.

గర్భనిరోధక సాధనములు వాడక ఒక సంవత్సరము కాపురము చేసినను గర్భము నిలువనిచో దానిని వంధ్యత్వముగా 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టము నిర్వచించినది. భార్య వయస్సు 35 ఏండ్లు దాటినచో వైద్యులు ఆరు నెలలకే రమ్మందురు. నెలసరి క్రమము తప్పినవారును, గవదబిళ్లల వలన వృషణములు వాచిన పురుషులును, క్యాన్సర్ చికిత్సకు సిద్ధపడుచున్నవారును ఆ గడువుకై వేచియుండనక్కఱలేదు.

కేంద్రమున ముందుగా ఇరువురి పూర్వరోగములు, వాడిన మందులు, నెలసరి తీరు అడిగి వ్రాసికొందురు. పిమ్మట భార్యకు నెలసరి రెండవ మూడవ దినములలో రక్తము తీసి హార్మోనులను పరీక్షింతురు. థైరాయిడును, అండముల నిల్వను సూచించు ఏ.ఎం.హెచ్.ను చూతురు, అండము పెరుగుదలను స్కానింగులో గమనింతురు, గర్భాశయములోనికి రంగుద్రవమును పంపి ఎక్స్‌రే తీసి నాళములు తెఱచియున్నవో మూసికొనిపోయినవో తెలిసికొందురు. భర్తకు ముఖ్యమైనది వీర్యపరీక్ష. రెండు మొదలు ఏడు దినముల వఱకు బ్రహ్మచర్యము పాటించి నమూనా ఇచ్చిన చాలును. కోతయు లేదు, నొప్పియు లేదు. కణముల సంఖ్య, చలనము, ఆకృతి అందు తేలును. ఇంత సులభమైన పరీక్షను అభిమానము అడ్డువచ్చి ఏండ్ల తరబడి వాయిదా వేయు గృహములు మనలో కొల్లలు. ఫలితము బాగుండలేదని వెంటనే బెంగపడ నవసరము లేదు. కొన్ని వారముల పిమ్మట మరల చేయించిన గాని నిర్ధారణ కాదు.

ఇక చట్టము మాట. కేంద్రమున అడుగిడగనే రిజిస్ట్రేషన్ పత్రము ప్రదర్శింపబడియున్నదా, దాని గడువు తీరలేదు గదా అని చూడుడు. అది అయిదేండ్లకు మాత్రమే చెల్లును. ఏ పద్ధతిలో ఫలమెంతవఱకు ఆశింపవచ్చునో, ఖర్చెంతయో, మందుల దుష్ఫలితము లేమియో, కవలలు కలుగుటలోని అపాయమేమియో ముందుగా విడమర్చి చెప్పుట కేంద్రము యొక్క విధి; అడిగి తెలిసికొనుట మీ హక్కు. ఇరువురి వ్రాతపూర్వక సమ్మతి లేనిదే చికిత్స సాగరాదు. ఇచ్చిన సమ్మతిని సైతము, పిండమును గర్భాశయమున ప్రవేశపెట్టుటకు ముందు ఎప్పుడైనను మీలో ఎవరైనను ఉపసంహరించుకొనవచ్చును. కావున చదువని కాగితముపై, ఖాళీలు పూరింపని ఫారముపై సంతకము చేయకుడు. ఈ సహాయక పునరుత్పత్తి సేవలకు స్త్రీ వయస్సు 21 దాటి 50 లోపునను, పురుషుని వయస్సు 21 దాటి 55 లోపునను ఉండవలయును. మగబిడ్డనే ఇత్తుమని ఆశ చూపువారు నేరస్థులు. వారికి అయిదు మొదలు పదేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును.

సమ్మతి యొక్క విలువను 2008లో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది. నెలసరి బాధతో వచ్చిన యొక స్త్రీకి పరీక్ష నిమిత్తమై మత్తు ఇచ్చి, ఆమె మత్తులో నుండగానే తల్లి సమ్మతి తీసికొని గర్భాశయమును అండాశయములను తొలగించిన వ్యవహారమున, పరీక్షకిచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదనియు, ప్రాణాపాయము తప్పించుటకు తక్క వేఱొకరి సమ్మతి చాలదనియు ధర్మాసనము తీర్పుచెప్పినది. మోసముల విషయమునను జాగ్రత్త వలయును. మన రాజధాని పరిసరములలోనే, 2025 జూలైలో సికింద్రాబాదులోని యొక కేంద్రముపై పోలీసు కేసు నమోదైనది. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డయే యని యొక దంపతులకు చెప్పి లక్షలు పుచ్చుకొని అప్పగించిన శిశువునకు ఆ దంపతులతో రక్తసంబంధము లేదని డి.ఎన్.ఏ. పరీక్షలో తేలినదని ఫిర్యాదు. డబ్బు చెల్లించి పరాయి గర్భమును అద్దెకు తీసికొనుట నేడు చట్టవిరుద్ధము. ఎవరేమి హామీ ఇచ్చినను ఆ త్రోవ త్రొక్కకుడు.

ఇంటిలోని మాట గూడ చెప్పవలెను. బిడ్డలు లేరని ఎత్తిపొడుచుట, అవమానించుట 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ప్రకారము హింసయే. ఆ చట్టము మాటలతో చేయు హింసను వివరించుచు, సంతానము గాని మగబిడ్డ గాని లేదని చేయు దూషణను ప్రత్యేకముగా పేర్కొన్నది. సంతానలేమి హిందూ వివాహ చట్టములో విడాకులకు కారణము కాదు. మీరుండగా మీ వారు రెండవ పెండ్లి చేసికొనినచో అది భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద ఏడేండ్ల వఱకు శిక్ష విధింపదగిన నేరము.

చికిత్సలో లోపము కలిగినచో ముందు కేంద్రములోని ఫిర్యాదుల విభాగమునకు వ్రాతపూర్వకముగా తెలుపుడు. మీ వైద్యపత్రములను కోరినచో 72 గంటలలో ఇయ్యవలయునని వైద్యవృత్తి నియమావళి. అప్పటికిని న్యాయము జరుగనిచో రెండేండ్లలోపున జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. ఆదాయమెంతైనను స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పాటుచేయును. 15100 నంబరునకు ఫోను చేసినను సలహా లభించును.

ప్రస్తుతమునకు మీరు చేయవలసినది స్వల్పము. మీ వారితో కలిసి వైద్యుని కడకు పొండు. ఆయన వీర్యపరీక్ష రిపోర్టును, మీ రిపోర్టులను ఒకే ఫైలులో ఉంచుడు. ఇచ్చిన ప్రతి రూపాయకు రసీదు పుచ్చుకొనుడు. అత్తవారడిగినచో ఆ ఫైలే వారికి సమాధానము.