పెరుగుచున్న శత్రువు

సికింద్రాబాదు నగరమున రాంగోపాల్‌పేట్ అను ప్రాంతము కలదు. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేర ఈ పేట వెలసినది. దీనికి చేరువనే పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు అను కట్టడమున్నది. కంప్యూటర్లను, వాని విడిభాగములను అమ్ము అంగళ్లకు అది జంటనగరములలో పేరుపొందినది. అచ్చటినుండి ఇండ్లకు చేరిన యంత్రములు చదువునకే కాక వీడియో ఆటలకును ఉపయోగపడుచున్నవి.

ఆ ఆటలలో పాత్రధారణ ఆటలు ఒక తెగ. ఆడువాడు ఒక వీరుని పాత్రను వహించును. మొదట ఆ వీరుడు బలహీనుడు. శత్రువులను గెలిచినకొలది అతనికి అనుభవము చేకూరును. అనుభవము నిండినపుడు అతని స్థాయి ఒక మెట్టు పెరుగును. స్థాయితోబాటు దెబ్బలో బలమును, దేహమున ఓర్పును హెచ్చును. ఇట్టి ఆటలకు మూలము 1974లో అమెరికాయందు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అది కాగితములతోను, పాచికలతోను బల్లచుట్టు కూర్చుండి ఆడునది. అందు కథను నడుపు నిర్వాహకుడొకడుండును. ఆటగాండ్రు మిక్కిలి అలసినచో శత్రువులను తగ్గించుటయు, గర్వించినచో హెచ్చించుటయు అతని నేర్పు. యంత్రమునకు సహజముగా అట్టి చూపు లేదు. కావున ఎప్పుడెంత బలముగల శత్రువు ఎదురుపడవలెనో ముందుగనే లెక్కగట్టి వ్రాయవలసివచ్చెను.

బలములను తూచుట తెలుగువారికి క్రొత్త కాదు. బండలపై గీతలు గీసి ఆడు పులిజూదమే ఇందుకు సాక్షి. అందు పులులు 3, మేకలు 15. పులి మేకపైనుండి దూకి దానిని చంపగలదు. మేక పులిని చంపలేదు. కాని మేకలన్నియు కూడి పులులకు కదల చోటు లేకుండ చేసినచో గెలుపు మేకలవారిదే. ఒక్కొక్కదానినే చూచినచో పులికిని మేకకును సాటియే లేదు. అయినను ఆట సరితూగుచున్నది. మేకలను సగమునకు తగ్గించినచో వానిని ఆడువానికి ఆశ నశించును. ఆశ నశించినచోట ఆటయు నశించును.

వీడియో ఆటలను కూర్చువారు ఈ తూకమునకై రెండు మార్గములు త్రొక్కిరి. మొదటిది శత్రుబలమును స్థిరముగ నిలుపుట. ఏ చోట ఏ శత్రువుండునో, వానికెంత బలముండునో మార్పులేకుండ నిర్ణయింతురు. 1986లో జపానులో వెలువడిన ‘డ్రాగన్ క్వెస్ట్’ ఇట్టిది. అందు కోట చుట్టుపట్ల అల్పప్రాణులుండును. వంతెనలు దాటినకొలది బలవంతములైన భూతములు ఎదురగును. తొందరపడి దాటినవాడు ఓడి తిరిగివచ్చును. కొంతకాలమునకు బలము సంపాదించి మరల పోయి, మునుపు తన్నోడించినవానినే గెలుచును. ఆ గెలుపులో అతనికి తన యెదుగుదల కన్నులగట్టినట్లు తెలియును. అయితే ఈ పద్ధతికొక లోపము కలదు. బాగుగ ఎదిగినవాడు తొలితావులకు పోయినచో అచ్చటి శత్రువులు ఒక్క దెబ్బకే కూలుదురు, ఆట చప్పబడును. విశాలలోకమున ఇచ్చవచ్చినట్లు తిరుగనిచ్చు ఆటలలో ఈ లోపము మరింత హెచ్చు.

రెండవది, ఆటగాని స్థాయి పెరిగినకొలది శత్రువుల స్థాయిని కూడ పెంచుట. 1999లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 8’, 2006లో బెథెస్డా సంస్థ వెలువరించిన ‘ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్’ ఇందుకు ఉదాహరణములు. ఎటు పోయినను తగిన పోరాటము దొరకవలెనని కూర్పరుల తలంపు. తలంపు మంచిదే, ఫలితము మాత్రము వేరయ్యెను.

ఒక చిన్న లెక్కతో ఈ సంగతి తేటపడును. వీరుని దెబ్బ 10, శత్రువు ప్రాణబలము 50 అయినచో 5 దెబ్బలకు శత్రువు కూలును. వీరుడు బహుకాలము శ్రమించి తన దెబ్బను 100 చేసికొనెను. ఆలోగా శత్రువు బలము 500 అయ్యెను. మరల 5 దెబ్బలే కావలెను. అంకెలు పదింతలైనవి గాని వీరుడు నిలిచినచోటనే నిలిచెను. ఇంకొకడు కత్తిసామును విడిచి బేరమాడుట, మాటనేర్పు మున్నగు విద్యలలో ఆరితేరి స్థాయి పెంచుకొనెను. అతని దెబ్బ 40 మాత్రమే. శత్రువు బలము 500. ఇపుడతనికి 13 దెబ్బలు కావలెను. ఎదిగినందువలననే అతడు బలహీనుడయ్యెను!

ఈ అంకెలు ఊహించినవే యైనను, ‘ఆబ్లివియన్’లో జరిగిన తీరిదియే. అందు ఆటగాడు ప్రధానముగా ఎన్నుకొన్న విద్యలు, అవి యుద్ధవిద్యలు కాకున్నను, పెరిగినకొలది స్థాయి పెరుగును. ఆటగాడు పై స్థాయికి చేరిన పిదప దారిదోపిడిగాండ్రు సైతము వెలగల గాజుకవచములు ధరించి కానవచ్చిరి. అంతటి సొత్తుగలవాడు కొద్ది నాణెములకై బాటసారిని ఏల అడ్డగించునని ఆటగాండ్రు నవ్విరి. స్థాయి పెంచుకొనకయే కథను ముగించుట సులువని కొందరు కనుగొనిరి. శ్రమకు ఫలము లేదని తేలినపుడు శ్రమను మానుట మానవస్వభావము.

ఈ అనుభవము వృథా పోలేదు. అదే సంస్థ 2011లో ‘స్కైరిమ్’ను వెలువరించినపుడు ఆయా ప్రదేశములలోని శత్రుబలమునకు హద్దులేర్పరచెను. ఇంతకు తగ్గరాదని కొన్నిచోట్ల, ఇంతకు మించరాదని కొన్నిచోట్ల నియమించెను. మైదానములందలి మహాకాయులు మాత్రము మొదటినుండియు భయంకరులే. తొందరపడి వారిపై కత్తిదూసిన క్రొత్తవాడు ఒక్క గదదెబ్బకు ఆకాశమున కెగురును. ఆ మహాకాయునే తరువాత గెలిచిననాడు అతని సంతోషమునకు మేర యుండదు.

సాటివానితో పోరుట తప్పని దీని భావము కాదు. చదరంగమున ఆర్పాడ్ ఏలో రూపొందించిన అంకెల పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించెను. ఆ లెక్కప్రకారము ఇద్దరి అంకెలు సమానమైనచో చెరిసగము ఫలము. 200 అంకెల భేదమున్నచో మేటికి నూటికి సుమారు 76 పాళ్లు. వరంగల్లునకు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటెను. అతడు ఎదిగినకొలది ఎదుటివారును మేటులే అయిరి. కాని అతని కొరకు వారు బలము పెంచుకొనలేదు. వారున్న మెట్టునకు అతడే ఎక్కెను. దిగువ మెట్లు దిగువనే యున్నవి. అందుచేత అతని శ్రమకు కొలత నిలిచినది.

విద్యార్థుల విషయమును ఇట్టిదే. ఎనిమిదవ తరగతి లెక్కలు ఏడవ తరగతి లెక్కలకంటె కఠినములు. అయినను నిరుటి పుస్తకమును తెరచినపుడు అది సులువుగ తోచును. ఆ సులువే బాలుడు ఎదిగినాడనుటకు నిదర్శనము. నిరుటి పుస్తకమును సైతము ఎవరైన రాత్రికి రాత్రి కఠినము చేసినచో, ఆ బాలుడు తానేమియు నేర్వలేదని క్రుంగిపోవును. ముందున్న కష్టము ఎంత పెరిగినను బాధ లేదు. గడచిన మెట్టు మాత్రము ఉన్నచోటనే ఉండవలెను. ఆటను కూర్చువారికిని, పాఠమును కూర్చువారికిని ఈ నియమమొక్కటే.