ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ వాహనాలలో టర్బోచార్జరు వైఫల్య నిర్ధారణ – నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంత పరిస్థితులు

పూర్వపు కృష్ణా జిల్లాలో మెట్ట భాగంగా పేరొందిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పత్తి, మిరప, అపరాలు, సుబాబుల్ ఇక్కడి ముఖ్యమైన పంటలు. వర్షాలు పడిన తరువాత నల్లరేగడి డొంకలలో మామూలు వాహనం కూరుకుపోతుంది. అందువల్ల సుబాబుల్ కర్రను పొలం నుండి రోడ్డుకు చేర్చడానికి, మిరప బస్తాలను గుంటూరు యార్డుకు పంపడానికి, క్షేత్ర సందర్శనలకు ఫోర్ వీల్ డ్రైవ్ సౌకర్యం గల ట్రాక్టర్లు, జీపులు, పికప్ వాహనాల అవసరం ఏర్పడుతుంది. వీటిలో అధిక భాగం టర్బోచార్జరు అమర్చిన డీజిల్ ఇంజిన్లతో నడిచేవే.

ఇటువంటి వాహనం బరువు లాగలేకపోయినా, పొగ ఎక్కువైనా "టర్బో పోయింది" అనే మాట వెంటనే వినబడుతుంది. కొత్త టర్బో ఖరీదు పదుల వేల రూపాయలలో ఉంటుంది. ఆ ఖర్చు భరించి కొత్తది బిగించిన తరువాత కొద్ది వారాలకే అదీ చెడిపోతే, పంట చేతికి వచ్చే రోజులలో బండి షెడ్డులో ఉండిపోతుంది. రైతు రెండుసార్లు నష్టపోతాడు. టర్బో తనంతట తాను చెడిపోవడం అరుదు. దానికి అందే గాలి, నూనె, దాని గుండా పోయే పొగ – ఈ మూడింటిలో ఏదో ఒక లోపమే దానిని చెడగొడుతుంది. ఆ లోపాన్ని కనుగొనకుండా టర్బోను మార్చడం, వేరుకుళ్లు సోకిన మొక్కను పీకి అదే గుంటలో మరో మొక్క నాటడం వంటిది.

పనిచేసే తీరు

ఇంజిన్ నుండి వెలువడే వేడి పొగ టర్బైను చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టు రెండవ చివర ఉన్న కంప్రెసరు చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడితో సిలిండర్లలోకి పంపుతుంది. ఎక్కువ గాలి అందినందున ఎక్కువ డీజిల్‌ను పూర్తిగా మండించవచ్చు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ ఈ సూత్రానికి 1905లోనే పేటెంటు పొందాడు. నేటి చిన్న టర్బోల షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. ఆ వేగంలో షాఫ్టు బేరింగు లోహాన్ని తాకదు. పలుచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర కొన్ని సెకన్లు లేకపోయినా లోహం లోహాన్ని రాసుకుంటుంది. టర్బోకు ప్రాణం ఆ నూనె పొరే అని గ్రహిస్తే, తరువాతి పరిశీలన అంతా సులభంగా బోధపడుతుంది.

టర్బోను అనుమానించే ముందు

బండి లాగకపోవడానికి టర్బోతో ఎటువంటి సంబంధమూ లేని కారణాలు అనేకం. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలలో మొదట చూడవలసినది ట్రాన్స్‌ఫర్ కేసు లీవరు స్థానం. అవసరమైనప్పుడు మాత్రమే ముందు చక్రాలకు శక్తినిచ్చే రకం వాహనాన్ని పొలంలో ఫోర్ వీల్‌లో పెట్టి, తారురోడ్డు ఎక్కిన తరువాత కూడా మార్చకుండా నడిపేవారు ఉన్నారు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. మట్టిలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద సర్దుకోదు. షాఫ్టులు మెలిపడి, బండిని ఎవరో వెనక్కి లాగుతున్నట్లు బరువుగా నడుస్తుంది. లో రేంజిలో మరచిపోయినా ఇంజిన్ అరుస్తుంది, వేగం రాదు. ఈ రెండింటినీ టర్బో లోపంగా పొరబడడానికి అవకాశం ఉంది.

పట్టేసిన బ్రేకులను గుర్తించడానికి కొంత దూరం నడిపిన తరువాత చక్రాల హబ్బుల వేడిని చేతి వెనుక భాగం దగ్గరగా ఉంచి పోల్చి చూస్తే చాలు. క్లచ్చి జారుతుంటే ఇంజిన్ చుట్లు పెరుగుతాయి గాని బండి వేగం పెరగదు. టర్బో లోపంలో దీనికి భిన్నంగా, ఇంజిన్ చుట్లే నెమ్మదిగా పెరుగుతాయి.

ఇంధనం చాలకపోవడం, గాలి చాలకపోవడం – ఈ రెండింటి తేడాను పొగ చెబుతుంది. శక్తి తగ్గి, పొగ కూడా లేకపోతే డీజిల్ ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. శక్తి తగ్గి, నల్లపొగ వస్తుంటే ఇంజిన్‌కు గాలి చాలడం లేదని అనుమానించాలి. అయితే ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజిన్లలో గాలి తగ్గినట్లు సెన్సారు గుర్తిస్తే కంప్యూటరే డీజిల్‌ను తగ్గిస్తుంది. 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ స్టేజ్ 6 వాహనాలలో పొగ మసిని పట్టే ఫిల్టరు సైతం ఉంటుంది. అటువంటి వాటిలో నల్లపొగ కనబడలేదని గాలి సక్రమంగా ఉన్నట్లు భావించరాదు. స్కానరుతో లోపాల సంకేతాలను చదవాలి.

గాలి మార్గం

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. 2.5 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతున్నప్పుడు, టర్బో లేకపోయినా నిమిషానికి మూడు వేల లీటర్లకు పైగా గాలిని పీల్చగలదు. టర్బో పూర్తి ఒత్తిడిలో ఉన్నప్పుడు అది ఇంకా ఎంతో పెరుగుతుంది. వేసవి దుక్కులలో లేచే రేగడి ధూళి, జగ్గయ్యపేట పరిసరాలలో సిమెంటు కర్మాగారాలకు సున్నపురాయి తరలే దారుల మీది తెల్లటి పొడి, పత్తి తీతల కాలంలో ఎగిరే దూది నూగు – ఇవన్నీ ఆ గాలితో పాటు ఫిల్టరుకు చేరతాయి. నూగు ఫిల్టరు మడతల మీద చాపలా పరచుకుంటుంది. దాని మీద సన్నని పొడి మెత్తినట్లు అంటుకుంటుంది. పైకి మురికిగా కనబడని ఫిల్టరు కూడా ఆ స్థితిలో ఊపిరాడనివ్వదు.

ఫిల్టరు మూసుకుపోయినప్పుడు కంప్రెసరు ముందు భాగంలో గాలి ఒత్తిడి బాగా పడిపోతుంది. ఆ పీల్పుకు బేరింగు గదిలోని నూనె సీలు దాటి గాలి మార్గంలోకి వస్తుంది, సిలిండరులో మండి నీలిపొగగా వెలువడుతుంది. గొట్టం ఊడదీసిన మెకానిక్కుకు కంప్రెసరు దగ్గర నూనె తడి కనబడుతుంది. సీలు పోయిందని నిర్ణయించి టర్బోను మారుస్తారు. నిజానికి కావలసినది ఒక కొత్త ఫిల్టరు మాత్రమే. నీలిపొగ ఫిర్యాదుతో వచ్చిన ప్రతి వాహనానికీ ముందుగా కొత్త ఫిల్టరు వేసి, గొట్టంలోని నూనెను తుడిచి, ఒకటి రెండు రోజులు నడిపి చూసిన తరువాతే తదుపరి పరిశీలనకు వెళ్లాలి.

ఇంకొక వైపు ప్రమాదం ఫిల్టరు దాటి ధూళి లోపలికి పోవడం. ఫిల్టరును చక్రానికేసి కొట్టి దులపడం, కంప్రెసరు గాలిని బయటి నుండి లోపలికి కొట్టడం గ్రామాలలో సాధారణంగా కనబడే అలవాట్లు. మొదటి పనితో అంచు సొట్టపడి రబ్బరు సీలు సరిగా కూర్చోదు. రెండవ పనితో కాగితానికి సన్నని చిల్లులు పడతాయి. శుభ్రం చేసేటప్పుడు తక్కువ ఒత్తిడి గల గాలిని లోపలి నుండి బయటికే కొట్టాలి. ఫిల్టరు తరువాతి గొట్టంలో తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డకు మట్టి అంటరాదు. అంటిందంటే, కంప్రెసరు రెక్కల అంచులు ఇప్పటికే అరుగుతున్నాయని అర్థం.

కంప్రెసరు తరువాతి మార్గంలో – ఇంటర్‌కూలరు, దాని రబ్బరు గొట్టాలు, క్లాంపులు – చీలిక ఉంటే పీల్చిన గాలి సిలిండర్లకు చేరకుండానే బయటికి పోతుంది. గతుకుల దారిలో ఇంజిన్ ఊగే కొద్దీ క్లాంపులు వదులవుతాయి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, నల్లపొగ దీని లక్షణాలు. సబ్బు నీరు పోసి చూడవచ్చు. నూనె తడితో కలిసి మట్టి పట్టిన జాయింటు తరచుగా దొంగను ముందే పట్టిస్తుంది.

కొన్ని నమూనాలలో టర్బో ఆక్చుయేటరు, ముందు హబ్బుల లాకు, బ్రేకు బూస్టరు – మూడూ ఒకే వాక్యూమ్ పంపు మీద ఆధారపడతాయి. అటువంటి వాహనం లాగకపోవడంతో పాటు ఫోర్ వీల్ పట్టకపోవడం, బ్రేకు పెడల్ గట్టిపడడం కూడా జరిగితే మూడింటికీ ఒకే సన్నని గొట్టం చీలి ఉండవచ్చు. విడివిడిగా అడిగితే తప్ప యజమాని ఈ మూడు లక్షణాలను కలిపి చెప్పడు.

ఒత్తిడి కొలత

ఇన్‌టేకు మార్గంలో గేజి తగిలించి చూడడం ఊహాగానాలకు ముగింపు పలుకుతుంది. అయితే బండిని నిలబెట్టి యాక్సిలరేటరు తొక్కి గేజి చూడడం నిష్ప్రయోజనం. బరువు లేనిదే డీజిల్ ఇంజిన్‌లో టర్బో తగినంత ఒత్తిడి పుట్టించదు. లోడుతో, ఎత్తు ఎక్కే దారిలో, మూడవ గేరులో పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే అంకెను తయారీదారు పుస్తకంలోని విలువతో పోల్చాలి. అనేక వాహనాలలో ఇది సుమారు 1 బారు ప్రాంతంలో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల వేడిలో గాలి సాంద్రత 25 డిగ్రీల నాటి కన్నా ఆరు శాతం వరకు తక్కువ. వేసవిలో బండి కొంత మందగించడం లోపం కాదని రైతుకు చెప్పడం కూడా నిర్ధారణలో భాగమే.

నూనె మార్గం

నూనె తగ్గినా, మురికిగా ఉన్నా, ఆలస్యంగా అందినా బేరింగు అరుగుతుంది. లోడు లాగి వచ్చిన వెంటనే ఇంజిన్ ఆపివేస్తే నూనె ప్రవాహం ఆగుతుంది, టర్బైను వేడి మాత్రం బేరింగు వైపు పాకుతుంది. అక్కడ నిలిచిన నూనె మాడి బొగ్గుగా మారి సన్నని దారులను మూస్తుంది. రెండు మూడు నిమిషాలు ఐడిలింగులో ఉంచి ఆపడం దీనికి విరుగుడు. ఆ కాస్త డీజిల్ ఖర్చు వృథా కాదు.

తిరుగు గొట్టం సంగతి తరచుగా మరుగున పడుతుంది. టర్బో నుండి నూనె తన బరువుతోనే కిందికి, ఇంజిన్‌లోకి దిగాలి. ఆ గొట్టం వంగినా, పూడినా, లేదా అరిగిన పిస్టన్ రింగుల వల్ల క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగినా నూనె దిగలేక సీళ్ల గుండా పొంగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా నూనె పోసే మూతను జాగ్రత్తగా వదులు చేసి చూస్తే, బలంగా పొగ తన్నినట్లయితే లోపం ఇంజిన్‌ది. అప్పుడు ఎన్ని టర్బోలు మార్చినా నీలిపొగ ఆగదు. సైలెన్సరు గాని, మసి ఫిల్టరు గాని పూడి వెనుక ఒత్తిడి పెరిగినప్పుడు టర్బైను అతిగా వేడెక్కడం, శక్తి తగ్గడం కూడా కనబడతాయి.

గొట్టాలలో పలుచని నూనె పూత ఉండడం సహజం, క్రాంక్‌కేసు ఆవిరి అదే మార్గంలో కలుస్తుంది కాబట్టి. మడుగు కట్టి ఉంటేనే చింతించాలి.

షాఫ్టు పరిశీలన

ఇంతవరకూ లోపం దొరకనప్పుడు, ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారిన తరువాత గాలి గొట్టం ఊడదీసి షాఫ్టును వేళ్లతో కదిలించాలి. పక్కలకు కొద్దిపాటి కదలిక ఉండడం నూనె పొర కోసం వదిలిన సందు వల్లనే. దానిని చూసి బేరింగు పోయిందనుకోవడం పొరపాటు. ముందుకు వెనుకకు మాత్రం చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనబడినా, సైరను వంటి కొత్త కూత రోజురోజుకూ పెరుగుతున్నా టర్బో నిజంగానే చెడినట్లు. ఆ దశలో వాహనాన్ని నడపడం ప్రమాదకరం. సీళ్లు పూర్తిగా తెగితే ఇంజిన్ తన నూనెనే ఇంధనంగా పీల్చి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తవచ్చు. అటువంటప్పుడు మాన్యువల్ గేరు వాహనమైతే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్చి వదిలి ఆపాలి. గాలి మార్గాన్ని చెక్క పలకతో మూయవచ్చు గాని చేతితో, గుడ్డతో ఎన్నడూ ప్రయత్నించరాదు.

విప్పిన టర్బోను పాత ఇనుముకు పంపే ముందు తప్పక చదవాలి. కంప్రెసరు రెక్కల అంచులు పలుచబడి కత్తిలా ఉంటే ధూళి. వంగి, తునిగి ఉంటే మరచిపోయిన నట్టు వంటి బయటి వస్తువు. షాఫ్టు నీలంగా మారితే నూనె అందకపోవడం. బేరింగు మీద గాళ్లు పడితే మురికి నూనె. టర్బైను వైపు నల్లటి పెచ్చు కడితే వేడి మీద ఆపడం. జగ్గయ్యపేట మండలం గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల యాంత్రీకరణ శిక్షణలలో ఇటువంటి పాడైన భాగాలను చేతికిచ్చి చూపడం, ఉపన్యాసం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

కొత్తది బిగించేటప్పుడు

నూనె, నూనె ఫిల్టరు, గాలి ఫిల్టరు మార్చాలి. నూనె వచ్చే గొట్టాన్ని శుభ్రపరచడం కన్నా మార్చడమే మేలు. లోపలి బొగ్గు కడిగితే పోదు. పాత రెక్కల తునకలు ఇంటర్‌కూలరులో చిక్కుకొని ఉండవచ్చు కాబట్టి దానిని విప్పి చూడాలి. నూనె రంధ్రం దగ్గర జిగురు పేస్టు వాడరాదు. దాని ముక్క విడిపోయి దారికి అడ్డుపడితే కొత్త బేరింగు మొదటి రోజే మాడుతుంది. బిగించిన తరువాత టర్బో నూనె రంధ్రంలో శుభ్రమైన నూనె పోసి షాఫ్టును చేతితో తిప్పాలి. డీజిల్ సరఫరా ఆపి, నూనె ఒత్తిడి దీపం ఆరేవరకు స్టార్టరుతో ఇంజిన్‌ను విడతలు విడతలుగా తిప్పాలి. స్టార్టు అయిన తరువాత కొన్ని నిమిషాలు ఐడిలింగులోనే ఉంచాలి. మొదటి రోజు పని ముగిశాక క్లాంపులను మరొకసారి బిగించి, నూనె మట్టం చూసి, తెల్లగుడ్డ పరీక్షను మళ్లీ చేయాలి.