జెర్సీ సిటీలో కిరాయి ఇల్లు: ముందు హీటు సంగతి అడగండి

మోత్కూర్‌లో ఇల్లు కిరాయికి చూస్తే నీళ్లొస్తాయా, గాలి ఆడుతుందా, బస్టాండుకు ఎంత దూరం అని అడుగుతాం. చదువుకో కొలువుకో జెర్సీ సిటీకి వస్తున్న మన పిల్లలు మొదట అడగాల్సింది వేరు. ఈ ఇంటిని వెచ్చబెట్టేది ఎవరు? ఆ బిల్లు కట్టేది ఎవరు?

పాత ఇటుక బిల్డింగుల్లో కింద బాయిలర్, గదుల్లో ఇనుప రేడియేటర్లు ఉంటాయి. అలాంటి చోట హీటు, వేడినీళ్లు చాలాసార్లు కిరాయిలోనే కలిసి వస్తాయి. గోడ అడుగున పొడవాటి కరెంటు హీటర్లున్న ఇంటికి కిరాయి తక్కువ చెప్పినా, జనవరి బిల్లు మీ నెత్తిన పడుతుంది. అందుకే కిందటి చలికాలం బిల్లులు చూపించమని అడగండి. ఇక్కడ కరెంటు, గ్యాసు రెండూ పీఎస్ఈ అండ్ జీ కంపెనీవే. నలుగురు కలిసి ఉండేవాళ్లు ఈ లెక్క ముందే తేల్చుకోకపోతే స్నేహాలు చెడతాయి.

రేడియేటర్‌కు ఒకే పైపు ఉంటే అది ఆవిరితో నడిచేది. దాని వాల్వు పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగంలో వదిలితే లోపల నీళ్లు వెనక్కి పోలేక, అర్ధరాత్రి సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది.

మూడు లేదా అంతకన్నా ఎక్కువ వాటాలున్న బిల్డింగులో హీటు ఓనరే ఇచ్చేటట్లయితే, న్యూజెర్సీ నిబంధనల ప్రకారం అక్టోబర్ 1 నుంచి మే 1 దాకా ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు ఇల్లు కనీసం 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 20 డిగ్రీలు ఉండాలి. రాత్రిపూట 65. లోపల చల్లబడితే చిన్న థర్మామీటర్ పెట్టి, తేదీ, టైము కనబడేలా ఫొటో తీసి ఓనర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువుండదు.

ఇల్లు చూడటానికి పోయినప్పుడు కిటికీ అంచున అరచేయి పెట్టి చూడండి. చల్లగాలి తగిలితే ఎంత హీటు పెట్టినా నిలవదు. సెల్లార్ గదులు చవకే గాని, బయటపడే దారి ఒక్కటే ఉంటే వద్దనండి.

ఇక రైలు. జర్నల్ స్క్వేర్ స్టేషన్ నుంచి పాత్ రైలు మన్‌హాటన్‌కు రాత్రింబవళ్లు నడుస్తుంది. స్టేషన్‌కు నడక దూరంలోనే న్యూఆర్క్ అవెన్యూ మీద ఇండియా స్క్వేర్ ఉంది కాబట్టి పప్పులకు, కూరగాయలకు కారక్కర్లేదు. న్యూజెర్సీలోనే ఎడిసన్ అనే ఊళ్లోనూ మనవాళ్లు చాలామంది ఉన్నారు, న్యూయార్క్‌కు రైలూ ఉంది. కానీ చాలా వీధుల్లో కారు లేకపోతే కాలు కదలదు. ‘స్టేషన్‌కు పది నిమిషాలే’ అంటే నడిచా, కారులోనా అని అడగండి. మంచు మీద, ఎదురుగాలిలో ఆ పది నిమిషాలు చాలా పెద్దవి. నా మాటైతే, యాభై డాలర్లు ఎక్కువైనా స్టేషన్ దగ్గరి ఇల్లే మేలు.

అడ్వాన్సు మామూలుగా నెలన్నర కిరాయికి మించకూడదు. మీరు గాని, నమ్మకమైన సీనియర్ గాని ఇల్లు చూడకుండా డబ్బు పంపకండి.

చివరగా ఒక్క మాట. హీటు ఆగిపోయిందని గ్యాస్ ఓవెన్ తెరిచి గది వెచ్చబెట్టకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంట్లోని కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతుందో లేదో బటన్ నొక్కి చూశాకే అగ్రిమెంటు మీద సంతకం పెట్టండి.