డాక్టరుకు రాసే ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలు



మీ విరాళాలతో మందులు కొనగలము, గది అద్దె కట్టగలము. డాక్టరును మాత్రం అడిగి తెచ్చుకోవాలి. ఆదోని, ఎమ్మిగనూరు వారు పెద్ద వైద్యానికి తరచూ కర్నూలు దారి పట్టాల్సి వస్తుంది. ఆదోని నుంచి అది సుమారు 100 కిలోమీటర్లు. జిన్నింగ్ మిల్లులోనో మగ్గం మీదనో పనిచేసే మనిషికి ఆ ప్రయాణమంటే బస్సు చార్జీతోపాటు ఆనాటి కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. అందుకే చాలామంది జబ్బు ముదిరేదాకా ఆగుతారు. కర్నూలు, హైదరాబాదు, బెంగళూరులలో ఉన్న డాక్టర్లకు మేము ఈమెయిళ్ళు రాయడం మొదలుపెట్టింది ఇందుకే. మీలోనూ పలువురు ఇలాంటివి రాస్తుంటారు గనుక మేము నేర్చుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాము.

మా మొదటి ఉత్తరం రెండు పేజీలు. సొసైటీ చరిత్ర, కమిటీ సభ్యుల పేర్లు, చేసిన పనుల జాబితా అన్నీ ఉన్నాయి. చివర, "పేదల సేవకు తమ అమూల్య సహకారం అందించవలసిందిగా కోరుతున్నాము" అని ముగించాము. జవాబులు మర్యాదగానే వచ్చాయి: "మాషా అల్లాహ్, మంచి పని. తప్పకుండా ఒకసారి వస్తాను." ఆ 'ఒకసారి' రానే లేదు. తప్పు వారిది కాదు. ఎప్పుడు, ఎక్కడికి, ఎంతసేపు, ఎవరితో చెప్పాలి అన్నది మేమే రాయలేదు.

ఒక ఉత్తరానికి ఒకే కోరిక. రమ్మని, విరాళమిమ్మని, మరో నలుగురికి చెప్పమని ఒకేసారి అడిగితే చదివినవారు ఏదీ చేయరు. రావడం కుదరని డాక్టరుకు ఫోనులో సలహా ఇచ్చే పని వేరే ఉత్తరంలో అడగాలి.

తేదీ, గంటలు, పని. షుగరు, బీపీ ఒక్క శిబిరంతో తీరేవి కావు. చూసిన డాక్టరే మళ్ళీ చూసి మందు మోతాదు సరిచేయాలి. అందుకని "ఒక రోజు" అనకుండా "మూడు నెలలు, నెలకో ఆదివారం" అని అడుగుతున్నాము. కాలం కూడా చూసుకోవాలి. మిరపకోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వలసపోయిన నెలల్లో డాక్టరు వస్తే ఎదుట ఖాళీ బెంచీలే ఉంటాయి.

ఉన్నది ఉన్నట్టు. ఈసీజీ లేకపోతే లేదని రాయాలి. ఆడవారికి విడిగా గది ఉందా, పక్కన నర్సు ఉంటుందా అన్నది లేడీ డాక్టరుకు ముందే తెలియాలి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకూడదు, అది రోగికి రక్షణ. ప్రయాణ ఖర్చు ఎవరిదో కూడా చెప్పాలి. జకాత్ అర్హులైన పేదలకే చేరాలి గనుక డాక్టరు చార్జీలు అందులోంచి తీయము, సాధారణ విరాళాల నుంచే ఇస్తాము.

జవాబు తేలికగా. ఫారం నింపమంటే రాత్రి డ్యూటీ దిగిన మనిషి రేపు చూద్దామనుకుంటారు. ఒక్క మాట చాలనాలి. కాదనే వీలూ ఇవ్వాలి. పుణ్యం పేరు చెప్పి మొహమాటపెడితే వచ్చినవారు రెండోసారి రారు.

ఇప్పుడు మా ఉత్తరం ఇలా ముగుస్తుంది:

"డాక్టర్ సాహెబా, వచ్చే మూడు నెలలు, ప్రతి నెలా మొదటి ఆదివారం, ఉదయం 10 నుంచి 1 వరకు ఎమ్మిగనూరులో ఆడవారిని చూడగలరా? కర్నూలు నుంచి తీసుకొచ్చి దించే బాధ్యత మాది. కుదిరితే ఈ శుక్రవారంలోగా 'సరే' అని ఒక్క మాట పంపండి, మిగతా వివరాలు మా కార్యదర్శి ఫోనులో మాట్లాడతారు. కుదరకపోతే 'ఇప్పుడు కాదు' అన్నా చాలు, మేమేమీ అనుకోము."

జవాబు రాకుంటే వారం తర్వాత ఒకసారి గుర్తుచేస్తాము. అంతకు మించి వెంటపడము. వచ్చి వెళ్ళిన డాక్టరుకు మర్నాడే కృతజ్ఞత రాసి, మందు మార్చినవారు ఎలా ఉన్నారో తర్వాత తెలియజేస్తాము. మళ్ళీ పిలవడానికి అంతకన్నా మంచి మాట లేదు.

ఇంత చెప్పి మిమ్మల్ని "సహకరించండి" అని వదిలేస్తే మా పాఠం మేమే మరిచినట్టు. కాబట్టి మా కోరిక ఒక్కటే. మీకు తెలిసిన డాక్టరు ఒక్కరిని అడిగి, వారు ఒప్పుకుంటే, పేరూ ఈమెయిలూ వచ్చే జుమా లోపు మా కార్యాలయంలో ఇవ్వండి. ఉత్తరం మేము రాస్తాము, ఇన్షా అల్లాహ్.