సయ్యద్ నయీముద్దీను

సాయంకాలము బడి విడిచిన పిమ్మట నరసన్నపేట వంటి ఊళ్ళలో బాలురు బంతి తీసికొని మైదానము చేరుదురు. జట్లు పంచుకొనునప్పుడు ప్రతివాడును ముందుండి గోలు కొట్టుటకే ఉబలాటపడును. వెనుక నిలిచి ఎదిరివారి నడ్డగించుటకు ఎవడును ముందుకు రాడు. తుదకు అందఱిలో చిన్నవానినో, మాట కాదనలేని వానినో ఆ స్థానమునకు నెట్టుదురు. గోలు కొట్టినవాని పేరు వీధులలో మ్రోగును. పదిసారులు బంతి నాపినవానిని తలచువారుండరు. వాడొక్కసారి తప్పినచో మాత్రము అందఱి వ్రేళ్ళును వానినే చూపును.

అట్టి స్థానమున నిలిచి, భారతజట్టునకు నాయకుడై, పిదప శిక్షకుడుగా కీర్తి గడించినవాడు తెలుగునాట పుట్టిన సయ్యద్ నయీముద్దీను.

ఆయన 1944లో హైదరాబాదు నగరమున జన్మించెను. ఆ కాలమున ఆ నగరమందు ఫుట్‌బాలు ఆటకు గల ఆదరము నేటివారికి వింతగా తోచును. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలుచుకొనెను. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. బంతిని కాలికి అంటిపెట్టుకొని ఒంటరిగా పరుగెత్తుట ఆయనకు గిట్టదు. కావున బంతిని వెంటనే తోడివాని కందింపవలెనను నియమముతో పోటీలు జరిపించెను. వాటము లేని కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను పోటీలను గూడ నడిపెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో తన్నబోయి తడబడుట చూపఱులకు వినోదముగానే యుండును. కాని అట్టి సాధనతోనే ఆటగానికి రెండు కాళ్ళును వశమగును. రహీము శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. మఱుసటి యేడు, 1963లో, ఆయన కన్నుమూసెను. ఆయన పెంచిన ఆటతీరు మాత్రము ఆ నగరపు మైదానములలో నిలిచియుండెను. నయీముద్దీను ఎదిగినది ఆ వాతావరణమందే.

ఆ దినములలో ఫుట్‌బాలు ఆటగాండ్రకు పెద్ద రంగస్థలము కలకత్తా. తెలుగునాటి నుండి అచ్చటికి పోవు ఇనుపదారి శ్రీకాకుళము జిల్లాను దాటియే పోవును. నరసన్నపేట వారికి దాపున నున్న తిలారు స్టేషను ఆ దారిలోనిదే. సికిందరాబాదు నుండి వచ్చిన తులసీదాసు బలరాము మున్నగువారు కలకత్తా చేరి పేరుపొందిరి. నయీముద్దీను గూడ వారివలెనే కలకత్తా చేరి, ఈస్టు బెంగాలు, మోహను బగాను, మహమ్మడను స్పోర్టింగు అను మూడు ప్రసిద్ధ జట్ల పక్షమునను ఆడెను.

వెనుక నిలుచు ఆటగానికి కాలివడి యొక్కటే చాలదు. బంతి ఎచ్చట నున్నదో గాక, మఱుక్షణమున ఎచ్చటికి వచ్చునో కనిపెట్టవలెను. తొందరపడి మీదికి దూకినచో ఎదిరివాడు ప్రక్కనుండి జారిపోవును. జంకినచో వానికి చోటు దొరకును. ఆగుటకును దూకుటకును నడుమనున్న ఆ రెప్పపాటును గుర్తించుటయే ఈ విద్య.

1970లో బాంగ్‌కాకులో ఆసియా క్రీడలు జరిగెను. భారతజట్టునకు నయీముద్దీను నాయకుడు. జపాను జట్టు అంతకు రెండేండ్ల ముందు, 1968లో, మెక్సికో ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచి యుండెను. ఆ జపానుతో ఆడిన మొదటి ఆటలో భారతజట్టు ఒక్క గోలు తేడాతో ఓడెను. సెమీఫైనలులో బర్మా చేతిలో 2–0తో ఓటమి కలిగెను. ఇక మిగిలినది మూడవ స్థానమునకు పోటీ. ఎదుట మరల జపానే. ఒకసారి ఓడించినవారి యెదుట, సెమీఫైనలు ఓటమి మఱువకముందే, తిరిగి నిలువవలసి వచ్చెను. ఈసారి భారతజట్టు ఒక గోలు చేసి, జపానుకు ఒక్క గోలైనను ఈయక, కాంస్యపతకము గెలిచెను. గోలు కొట్టినవానికి చప్పట్లు దక్కుట సహజము. కాని ఆ ఒక్క గోలును కడవఱకు కాపాడిన భారము వెనుక వరుసదే. ఆ యేటనే నయీముద్దీనునకు అర్జున పురస్కారము లభించెను. అటుపిమ్మట 2023 క్రీడల వఱకును పురుషుల ఫుట్‌బాలులో భారతదేశమునకు ఆసియా క్రీడల పతకము మరల రాలేదు.

ఆట విరమించిన పిదప ఆయన శిక్షకుడయ్యెను. క్రమశిక్షణ విషయమున మిక్కిలి కఠినుడని పేరు. 1990లో ఆయన శిక్షణలో ఈస్టు బెంగాలు జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డును, డ్యూరాండు కప్పును, రోవర్సు కప్పును ఒకే యేట గెలిచెను. ఆ సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారము క్రికెట్టు శిక్షకుడు రమాకాంత అచ్రేకరుకును, వాలీబాలు శిక్షకుడు అరికపూడి రమణారావుకును, నయీముద్దీనుకును లభించెను. ఫుట్‌బాలులో ఆ గౌరవము పొందిన ప్రథముడు ఆయనయే.

భారతజట్టునకు ఆయన పలుమాఱులు శిక్షకుడుగా నుండెను. 2005 డిసెంబరులో కరాచీయందు జరిగిన దక్షిణాసియా పోటీల తుది ఆటలో ఆయన జట్టు బంగ్లాదేశును 2–0తో ఓడించెను. రెండేండ్లు గడువకమునుపే బంగ్లాదేశు వారు ఆయననే పిలిపించి తమ జాతీయజట్టు నప్పగించిరి. 2007లో ఢిల్లీలో నెహ్రూ కప్పు జరిగినప్పుడు ఆయన బంగ్లాదేశు జట్టు శిక్షకుడై స్వదేశపు మైదానమునకు వచ్చెను.